పెరటి జీవాలను చూడటానికి, ఫోటో తీయడానికి: ఏ పరికరం ఎవరికి సరిపోతుంది?

పెరట్లోకి వచ్చే పిట్టల కోసం కెమెరా కొనాలనుకునేవారు దుకాణంలో మొదట అడిగేది జూమ్ ఎంత అని. దుకాణదారు కూడా ఆ అంకెనే ముందు పెడతాడు, ఎందుకంటే అది పెరిగేకొద్దీ ధరను సమర్థించుకోవడం సులువు. కవ్వాల్‌లోనో నల్లమలలోనో చెరువు అవతలి గట్టున నిలిచిన దుప్పిని తీయాలంటే ఆ లెక్క సరిపోతుంది. ఇంటి పెరడు, మిద్దెతోట, అపార్ట్‌మెంట్ బాల్కనీ సంగతి వేరు. ఇక్కడ జీవానికీ మనకూ మధ్య దూరం సాధారణంగా పది పదిహేను అడుగులకు మించదు. పురుగుల విషయంలో అది జానెడే. కాబట్టి ఒక పరికరం ఎంత దగ్గరి వస్తువును స్పష్టంగా చూపగలదు, మామిడిచెట్టు నీడలాంటి తక్కువ వెలుతురులో ఎంత బాగా పనిచేయగలదు అన్నవే ముందు చూడవలసిన విషయాలు. జూమ్ ఆ తర్వాతి మాట.

దానికన్నా ముందు తేల్చుకోవలసింది మరొకటి ఉంది. మీరు ఎక్కువగా చూసేది పగటి పక్షులనా, పురుగులు, సీతాకోకచిలుకల వంటి చిన్న ప్రాణులనా, లేక రాత్రిపూట గోడ దాటి వచ్చే మానుపిల్లి, పునుగుపిల్లి వంటి వాటినా? ఈ మూడింటికీ కావలసిన సాధనాలు వేర్వేరు. ఒకే కెమెరాతో మూడు పనులూ జరుగుతాయని చెప్పే ప్రకటనలను నమ్మి పెద్ద మొత్తం పెట్టడంకంటే, ఒక వర్గాన్ని ఎంచుకుని దానికి తగిన సాధనాన్ని కొనడం మేలు. ఏది ఎంచుకోవాలో తెలియకపోతే ఓ నెల రోజులు ఉదయం ఆరు నుంచి ఎనిమిదిన్నర వరకు, మళ్లీ సాయంత్రం చీకటిపడే వేళ ఖాళీ చేతులతో కూర్చుని చూడండి; మీ పెరడే సమాధానం చెబుతుంది.

బైనాక్యులర్లతో మొదలుపెడదాం. ఫోటోల మోజులో చాలామంది దీన్ని దాటిపోతారు గానీ, నా దృష్టిలో పెరటి పరిశీలనకు మొదట కొనవలసినది ఇదే. వీటిమీద 8x42, 10x42, 8x32, 10x25 వంటి అంకెలు ఉంటాయి. మొదటిది ఎన్ని రెట్లు పెద్దదిగా చూపుతుందో, రెండోది ముందు అద్దం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో చెబుతుంది. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే కంటికి అందే వెలుగుకట్ట వ్యాసం వస్తుంది: 8x42కు సుమారు 5.25 మిల్లీమీటర్లు, 10x42కు 4.2, 8x32కు 4, జేబులో పట్టే 10x25కు 2.5 మాత్రమే. మధ్యాహ్నం వెలుతురులో ఈ తేడా తెలియదు. మునిమాపు వేళ వేపకొమ్మ మీదికి పైడికంటె వచ్చి కూర్చున్నప్పుడు మాత్రం, 10x25లో నల్లటి ముద్దలా ఉన్నది 8x42లో తెల్లటి చుక్కలు, పసుపు కళ్లతో సహా కనిపిస్తుంది.

ఎనిమిది రెట్లా, పది రెట్లా అన్న చర్చకు పెరటి వరకు నా జవాబు ఎనిమిదే. పది రెట్లలో చేతి వణుకు కూడా పదింతలవుతుంది, కనిపించే పరిధి తగ్గుతుంది, ఆకుల మధ్య క్షణం నిలవని దర్జీపిట్టను వెతికి పట్టుకోవడం కష్టమవుతుంది. కొనేముందు రెండు విషయాలు తప్పక అడగాలి. ఒకటి, అతి తక్కువ ఫోకస్ దూరం. అది రెండు మీటర్లు, అంతకంటే తక్కువ అయితే పెరటికి పనికొస్తుంది. ఐదు మీటర్ల లోపు మసకబారే బైనాక్యులర్లు బాల్కనీలో అలంకారానికే. రెండు, కళ్లద్దాలు పెట్టుకునేవారైతే కంటికీ అద్దానికీ మధ్య వదిలే దూరం కనీసం 15 మిల్లీమీటర్లు ఉండాలి, లేకపోతే దృశ్యం అంచులు కత్తిరించినట్టు కనిపిస్తాయి. సీతాకోకచిలుకలంటే ప్రత్యేకించి ఇష్టమున్నవారికి పెంటాక్స్ పాపిలియో అనే రకం ఉంది. 6.5x21, 8.5x21 కొలతల్లో వచ్చే ఈ చిన్న బైనాక్యులర్లు అరమీటరు దూరంలోని వస్తువును కూడా స్పష్టంగా చూపుతాయి. చీకటి వేళకు ఇవి పనికిరావు. తులసికోట దగ్గర వాలిన తూనీగ రెక్కల ఈనెలు చూడటానికి మాత్రం వీటిని మించినవి తక్కువ.

ఇక అందరి చేతిలో ఉన్న ఫోన్. పిట్టలను ఫోన్ జూమ్‌తో తీయడం నిరాశనే మిగులుస్తుంది, కాని అదే ఫోన్‌ను మరో విధంగా వాడితే ఖరీదైన కెమెరా ఇవ్వనిది ఇస్తుంది. మందారం మొక్క ముందు చిన్న స్టాండుకు ఫోన్‌ను బిగించి, 4కే వీడియో ఆన్ చేసి, మీరు లోపలికి వెళ్లిపోండి. మనిషి ఉంటే రాని తేనెపిట్ట కాసేపటికి ఫోన్‌ను లెక్కచేయకుండా వస్తుంది. 4కే వీడియోలోని ఒక్కో ఫ్రేము 3840 అడ్డం, 2160 నిలువు పిక్సెళ్లతో, అంటే దాదాపు 83 లక్షల పిక్సెళ్లతో ఉంటుంది. అందులోంచి నచ్చిన ఫ్రేమును ఫోటోగా తీసుకోవచ్చు. ఏప్రిల్, మే నెలల ఎండలో మాత్రం ఫోన్ వేడెక్కి ఆగిపోతుంది కనుక నీడలో పెట్టాలి. పిట్ట కూతను వినిపిస్తే పేరు సూచించే కార్నెల్ విశ్వవిద్యాలయం వారి మెర్లిన్ యాప్ ఉచితం. ఆకుల చాటునుంచి అరిచేది ఏమిటో తెలుసుకోవడానికి అది బాగా ఉపయోగపడుతుంది. అయితే అది చెప్పిన పేరును కంటితో నిర్ధారించుకోవడం అవసరం.

పక్షుల ఫోటోలే ప్రధానమైతే అసలు పోటీ రెండింటి మధ్య: లెన్స్ విడదీయలేని బ్రిడ్జ్ కెమెరా ఒకటి, లెన్స్ మార్చుకోగలిగే కెమెరా మరొకటి, అంటే లోపల అద్దం ఉండే డీఎస్‌ఎల్‌ఆర్ లేదా ఆ అద్దం లేని మిర్రర్‌లెస్. మన దగ్గర పక్షిప్రేమికుల చేతుల్లో బ్రిడ్జ్ కెమెరా అంటే ఎక్కువగా నికాన్ పీ900, పీ950 కనిపిస్తాయి. 83 రెట్ల జూమ్‌తో ఇవి 2000 మిల్లీమీటర్ల లెన్స్‌కు సమానమవుతాయి (లెన్స్‌కు చెప్పే ఈ మిల్లీమీటర్లు పెరిగేకొద్దీ దూరపు వస్తువు దగ్గరగా కనిపిస్తుంది). ఆ అంకె వెనుక ఉన్నది గోరంత సెన్సర్, అంటే లెన్స్ నుంచి వచ్చే వెలుతురును పట్టే పలక. 1/2.3 అంగుళాల రకానికి చెందిన ఆ సెన్సర్ విస్తీర్ణం 28 చదరపు మిల్లీమీటర్లు. ఒక అంగుళం రకం సెన్సర్‌కు అది 116, సాధారణ డీఎస్‌ఎల్‌ఆర్‌లలో ఉండే ఏపీఎస్-సీ సెన్సర్‌కు 330 నుంచి 370 వరకు ఉంటుంది. వెలుతురు పట్టే జాగా పన్నెండు పదమూడు రెట్లు తక్కువన్న మాట. నీళ్లట్యాంకు మీద ఎండలో కూర్చున్న పావురాన్ని, ఎదురింటి తీగమీద వాలిన పాలపిట్టను ఇవి చక్కగా తీస్తాయి. పొద చాటున, నీడలో గెంతే పిట్ట దగ్గరికి వచ్చేసరికి ఐఎస్‌ఓ (సెన్సర్ వెలుతురుకు స్పందించే స్థాయి) పెంచక తప్పదు, పెంచితే ఈకల వివరమంతా గరుకుచుక్కల్లో కలిసిపోతుంది. పైగా పూర్తి జూమ్‌లో ఇవి ఐదు మీటర్లకంటే దగ్గరి వస్తువుపై ఫోకస్ చేయలేవు. జూమ్ తగ్గించుకుంటూ రావాలి. అంటే పెరట్లో మీరు డబ్బు పోసి కొన్న ఆ చివరి జూమ్ చాలాసార్లు వాడుకోలేరు.

బ్రిడ్జ్ రకంలోనే దీనికి భిన్నమైనది 2017లో వచ్చిన సోనీ ఆర్‌ఎక్స్10 మార్క్ 4. జూమ్ 600 మిల్లీమీటర్ల సమానం వరకే, కానీ సెన్సర్ ఒక అంగుళం రకం, లెన్స్ ఎఫ్/2.4 నుంచి ఎఫ్/4 వరకు తెరుచుకుంటుంది (ఈ అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుతురు), పూర్తి జూమ్‌లో కూడా 72 సెంటీమీటర్ల దూరం వరకు ఫోకస్ చేస్తుంది. అంటే వేపకొమ్మ మీది పిగిలిపిట్టను తీసిన చేత్తోనే కింద పూలమీది సీతాకోకచిలుకనూ తీయవచ్చు. ఖరీదు ఎక్కువ, మోడల్ పాతబడింది. అయినా ఒకే ఒక్క కెమెరా కావాలి, లెన్సులు మార్చే ఓపిక లేదు అనే వారికి మంచి స్థితిలో ఉన్న రెండోచేతి కెమెరా దొరికితే నేను దీన్నే సూచిస్తాను.

లెన్స్ మార్చుకునే కెమెరాల్లో ఒక మంచి అవకాశం ఉంది. తయారీదారులు మిర్రర్‌లెస్ వైపు మళ్లడంతో పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లు రెండోచేతి మార్కెట్లో చవకగా దొరుకుతున్నాయి. పెరటి పనికి అవి ఇప్పటికీ పుష్కలంగా సరిపోతాయి. ఇక్కడ లెన్స్ ఎంపికే కీలకం. కెనాన్ 55-250 ఎస్‌టీఎం లెన్స్ 85 సెంటీమీటర్ల దాకా, నికాన్ ఏఎఫ్-పీ డీఎక్స్ 70-300 లెన్స్ 1.1 మీటర్ల దాకా దగ్గరగా ఫోకస్ చేస్తాయి, రెండూ తేలిక. మిర్రర్‌లెస్‌లోకి వెళ్లేవారికి కెనాన్ ఆర్‌ఎఫ్ 100-400 మంచి ఎంపిక. దాని బరువు 635 గ్రాములు, 88 సెంటీమీటర్ల దూరంలో ఫోకస్ అవుతుంది, వస్తువు అసలు పరిమాణంలో 0.41 వంతును సెన్సర్ మీద పడేస్తుంది. 36 మిల్లీమీటర్ల వెడల్పుండే ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ మీద ఈ లెక్కన తొమ్మిది సెంటీమీటర్ల వెడల్పున్న వస్తువు ఫ్రేమంతా నిండుతుంది. రెక్కలు చాపితే 80 నుంచి 100 మిల్లీమీటర్లుండే నిమ్మ సీతాకోకచిలుక సరిగ్గా ఆ కొలతే. దీనికి భిన్నంగా అదే సంస్థ తేలికపాటి 600 మిల్లీమీటర్ల ఎఫ్/11 లెన్స్ 4.5 మీటర్లకంటే దగ్గర ఫోకస్ చేయదు. చెరువుగట్టు మీద అది గొప్ప లెన్స్, బాల్కనీలో అది మూలన పెట్టే వస్తువు. బరువైన 150-600 రకం లెన్సులు కూడా అడవి కోసం కొన్నవారు పెరట్లో వాడుకోవచ్చు గానీ, పెరటికోసమే కొనడం అనవసరం.

మగ ఊదా తేనెపిట్టను తీసేటప్పుడు ఏ కెమెరా అయినా ఒక ఇబ్బంది ఎదురవుతుంది. మామూలుగా చూస్తే అది నల్లగా ఉంటుంది. ఆ ఈకల్లోని ఊదా, నీలి మెరుపులు రంగువల్ల కాక ఈకల సూక్ష్మ నిర్మాణం వెలుగును తిప్పికొట్టే తీరువల్ల వస్తాయి కనుక, వెలుగు ఒక కోణంలో పడినప్పుడే అవి కనిపిస్తాయి. ఉదయపు ఎండ మీ వీపు వైపు ఉండేట్టు నిలబడి, అది తల తిప్పే క్షణం కోసం వరుసగా ఫోటోలు తీయాలి. షట్టర్ వేగం సెకనులో వెయ్యో వంతుకు తగ్గకూడదు. పిట్ట మందారపువ్వు ముందు నుంచి కాక, కాడ దగ్గర ముక్కుతో పొడిచి తేనె తీసుకోవడం గమనిస్తే, ఫోకస్ ఎక్కడ పెట్టి కాచుకోవాలో తెలుస్తుంది. సంతానకాలం కాని రోజుల్లో ఇదే మగపిట్ట పసుపుపచ్చగా మారి, గొంతునుంచి పొట్టమీదికి ఒక్క నల్లచారతో కనిపిస్తుంది; దాన్ని వేరే పిట్ట అని పొరబడేవారు చాలామంది.

నా అంచనాలో ఖర్చుకు తగిన ఫలితం అన్నిటికంటే ఎక్కువగా ఇచ్చేది పురుగుల ఫోటోగ్రఫీ. ఒక్క కరివేపాకు మొక్క చాలు. దానిమీద నిమ్మ సీతాకోకచిలుక పెట్టిన గుడ్డునుంచి వచ్చిన చిన్న గొంగళి అచ్చం పిట్టరెట్టలా నలుపు తెలుపు మచ్చలతో ఉంటుంది, పెరిగాక ఆకుపచ్చగా మారుతుంది, కదిలిస్తే తలవెనుక నుంచి రెండుగా చీలిన ఎర్రటి కొమ్మును బయటపెట్టి ఘాటైన వాసన వదులుతుంది. ఇదంతా కుండీ ముందు పీట వేసుకుని తీయవచ్చు. జిల్లేడు మొక్కను పీకేయకుండా ఒక మూల వదిలేస్తే ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక సంసారం కూడా చూడవచ్చు.

దీనికి నాలుగు దారులున్నాయి. ఫోన్‌లోని మ్యాక్రో మోడ్ రెండు మూడు సెంటీమీటర్ల దగ్గరికి వెళ్లమంటుంది. ఫోన్ నీడ పురుగుమీదే పడుతుంది, గొల్లభామ వంటిది ఎగిరిపోతుంది. గొంగళిపురుగులు, నత్తలు, తొలకరిలో నేలమీద మఖమల్‌లా కనిపించే ఆరుద్ర పురుగులు నెమ్మదిగా కదులుతాయి గనుక వాటివరకు ఫోన్ చాలు. రెండోది ఎక్స్‌టెన్షన్ ట్యూబులు, అంటే కెమెరాకూ లెన్స్‌కూ మధ్య బిగించే ఖాళీ గొట్టాలు. చవక, కానీ వెలుతురు తినేస్తాయి, లెన్స్ తీసి పెట్టేటప్పుడల్లా సెన్సర్ మీద దుమ్ము చేరుతుంది. మూడోది జూమ్ లెన్స్ ముందు అమర్చే రేనాక్స్ డీసీఆర్-250 వంటి అదనపు అద్దం. దీని శక్తి 8 డయాప్టర్లు, అంటే ఎంతో దూరపు వస్తువుపై ఫోకస్ పెట్టిన లెన్స్‌ను పన్నెండున్నర సెంటీమీటర్ల దూరంలో ఫోకస్ అయ్యేట్టు మారుస్తుంది. 55-250 వంటి లెన్స్ ఇప్పటికే ఉన్నవారికి ఇది అన్నిటికన్నా తెలివైన కొనుగోలు. నాలుగోది 90 లేదా 100 మిల్లీమీటర్ల అసలైన మ్యాక్రో లెన్స్. నాణ్యతలో, వాడుకలో దీనికి సాటి లేదు. మీరు పురుగులతో ఏడాది గడిపాక కూడా ఆ ఇష్టం తగ్గకపోతే అప్పుడు కొనండి. పై నాలుగింటిలో ఏది ఎంచుకున్నా ఫ్లాష్ ముందు ట్రేసింగ్ కాగితమో, పలుచని తెల్లని ప్లాస్టిక్ ముక్కో పెట్టి వెలుగును మెత్తపరచాలి; లేకపోతే సాలీడు కళ్లలో, పేడపురుగు వీపుమీద తెల్లటి మచ్చలు తప్ప ఏమీ మిగలవు.

రాత్రి అతిథులకు ట్రైల్ కెమెరానా, ఇంటి సీసీ కెమెరానా అన్నది తర్వాతి ప్రశ్న. ట్రైల్ కెమెరా చెట్టుకు కట్టి వదిలేస్తే, జంతువు ఒంటి వేడి కదిలినప్పుడు దానంతట అదే ఫోటో తీస్తుంది. ఇక్కడ అమ్మకందారు చెప్పని సంగతి ఒకటుంది. ఆ సెన్సర్ చూసేది చుట్టుపక్కలకూ జంతువు ఒంటికీ మధ్య ఉన్న వేడి తేడాను. మే నెల మధ్యాహ్నం నేల, గోడ కాలిపోతున్నప్పుడు ముంగిస ముందునుంచి నడిచివెళ్లినా కెమెరాకు తెలియకపోవచ్చు. తొండలు, పాములు, కప్పల వంటి చల్లనెత్తురు జీవాలను అది నమ్మకంగా పట్టుకోదు. రాత్రి ఫోటోకు ఈ కెమెరా వేసే ఇన్‌ఫ్రారెడ్ వెలుగులో 850 నానోమీటర్ల రకానికి దూరం ఎక్కువ, కానీ దీపాలు మసగ్గా ఎర్రగా కనిపిస్తాయి. 940 రకం అసలు కనిపించదు, వెలుగు కాస్త తక్కువ. బెదురు ఎక్కువున్న పునుగుపిల్లికి, దొంగల కన్ను పడకుండా ఉండటానికీ 940 మేలు. ఫోకస్ స్థిరంగా ఉంటుంది కనుక జంతువులు తాగడానికి పెట్టిన నీటిమూకుడుకు కనీసం రెండు మీటర్ల దూరంలో కట్టాలి. సూర్యుడికి ఎదురు కాకుండా ఉత్తర దిక్కుకు తిప్పి, ముందున్న గడ్డిని కత్తిరించాలి, లేకపోతే ఎండలో ఊగే ఆకుల ఫోటోలతోనే కార్డు నిండుతుంది.

ఇప్పటికే సీసీ కెమెరా ఉన్న ఇంట్లో ట్రైల్ కెమెరా కొనేముందు పాత రికార్డింగులు ఒకసారి తిరగేయడం మంచిది. మానుపిల్లి ఏ గోడమీదుగా ఏ వేళకు వస్తుందో అందులోనే తెలుస్తుంది. కెమెరా తలుపునుంచి, వీధినుంచి పెరటివైపు తిరగాలే తప్ప పక్కింటి స్నానాలగది వైపు కాదని వేరే చెప్పనవసరం లేదు. అద్దం ముందు సాలీడు గూడు అల్లడం మాత్రం ప్రతి సీసీ కెమెరాకూ ఉన్న రోగమే. వారానికోసారి తుడవక తప్పదు.

జీవాలను రప్పించే పద్ధతుల్లోనూ ఎంపిక ఉంది. గింజల డబ్బా పెడితే పట్నంలో ముందుగా వచ్చేవి పావురాలు, తర్వాత వచ్చేవి వాటి రెట్టలు, ఆ తర్వాత పక్కవాటావారి ఫిర్యాదులు. పల్లెల్లో చూరుకు వేలాడదీసే వరికుచ్చు దానికన్నా నయం. ఊగే కంకిమీద పిచ్చుక నిలవగలదు, పావురం నిలవలేదు. అయితే అన్నిటిలోకీ నీళ్లకే నా ఓటు. అంగుళం, రెండంగుళాల లోతు మట్టిమూకుడు, మధ్యలో ఒక గరుకు రాయి, దగ్గరలో వాలడానికి ఒక కొమ్మ ఉంటే గింజలు తినని పిట్టలు కూడా వస్తాయి. దోమలు పెరగకుండా నీటిని రోజూ పారబోసి మూకుడు రుద్దాలి. మొక్కలు నెమ్మదిగా ఫలితమిస్తాయి. మందారం, నూరువరహాలు, కరివేపాకు, నిమ్మ ఉంటే చాలు, పురుగుమందు మాత్రం కొట్టకూడదు.

గూడు దొరికితే ఫోటోకోసం అడ్డమున్న ఆకులు తెంపడం, ఫ్లాష్ కొట్టడం, రికార్డు చేసిన కూత వినిపించి పిట్టను పిలవడం చేయరాదు. ఆకులు తెంపితే ముందు గుర్తుపట్టేది కాకే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేట అనే మాటకిచ్చిన నిర్వచనంలో అడవిపక్షుల గుడ్లను, గూళ్లను కదిలించడం కూడా ఉంది. పాము కనిపిస్తే దూరంనుంచి జూమ్‌తో తీయండి, ఫోన్ పట్టుకుని దగ్గరికి వెళ్లకండి. అది జెర్రిపోతో నాగుపామో తేల్చుకోవలసిన సమయం అది కాదు.

ఎవరికి ఏది అని సూటిగా అడిగితే, బాల్కనీ మాత్రమే ఉన్నవారు 8x32 బైనాక్యులర్లు కొని, స్టాండుమీద ఫోన్‌తో సర్దుకోవచ్చు. పెరడు ఉండి పక్షులు, పురుగులు రెండూ కావాలనుకునేవారికి రెండోచేతి డీఎస్‌ఎల్‌ఆర్, 55-250 వంటి లెన్స్, దానిమీద రేనాక్స్ అద్దం కలిపి ఏ కొత్త సూపర్‌జూమ్ కెమెరా కన్నా ఎక్కువ పని చేస్తాయి. పక్కన పొలాలు, చెరువు ఉన్న ఊళ్లో ఇల్లయితే పీ950 వంటి దానికి న్యాయం జరుగుతుంది, ఎందుకంటే అక్కడ దూరపు పిట్టలు నిజంగానే ఉంటాయి. ఇంటి వెనుక తోటో, పాడుబడ్డ గోడో ఉన్నవారు మొదటే ట్రైల్ కెమెరా కొన్నా తప్పులేదు.

రెండోచేతి లెన్స్ కొనేటప్పుడు వెనుకవైపు నుంచి ఫోన్ టార్చి వేసి ముందునుంచి చూడండి. సాలెగూటి పోగుల్లాంటి గీతలు కనిపిస్తే అది ఫంగస్, ధర ఎంత తగ్గించినా వదిలేయండి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి తేమ ఊళ్లలో ఉండేవారు కొన్న రోజునుంచే గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టుకోవాలి. తోలు సంచిలో మాత్రం దాచకండి, తోలు తేమను పట్టి ఉంచుతుంది.